విదేశంలో అణు ప్రమాదం జరిగితే ఇక్కడి జనానికి ముందు చెప్పాల్సింది ఏమిటి?

‘విదేశంలో అణు ప్రమాదం జరిగినప్పుడు మన రియాక్టర్లు సురక్షితమని ప్రకటిస్తే సరిపోదా? అణు విద్యుత్ సంస్థలు అంతకు మించి ఏం చెప్పాలి?’ అని అడిగారు. సరిపోదు. ఆ మాటతోనే మొదలుపెడితే ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. నేను ఒడిశాలోని బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. గంజాం జిల్లాలో తెలుగు మాధ్యమం బడిలో చాలాకాలం పాఠాలు చెప్పాను. జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత మా తీరంలో జరిగింది కళ్లారా చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, వెంటనే సునామీ వచ్చాయి. మర్నాడే ఫుకుషిమా కేంద్రంలో ఒక రియాక్టర్ భవనం పేలింది, 14న మరొకటి. తెలుగు ఛానెళ్లు ఆ పొగనే పొద్దస్తమానం తిప్పి తిప్పి చూపించాయి. గాలి ఎటు వీస్తోంది, ఎంతమందిని ఎక్కడికి తరలించారు అన్నది ఒక్కరూ వివరంగా చెప్పలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన అణు రంగంలో అత్యున్నత పదవుల్లో ఉన్నవారు ముంబయిలో విలేకరుల ముందుకు వచ్చి, అక్కడ జరిగింది అణు ప్రమాదం కాదని, కేవలం రసాయన చర్య అని చెప్పారు. పేలింది హైడ్రోజనే, అది నిజం. కానీ ఇంధన కడ్డీల తొడుగులు విపరీతంగా వేడెక్కి ఆవిరితో కలిస్తేనే అంత హైడ్రోజన్ పుడుతుంది. ఆ సగం వదిలేశారు. ఏప్రిల్ 12న జపాన్ ప్రభుత్వమే ఆ ప్రమాదాన్ని అంతర్జాతీయ కొలమానంలో అన్నిటికన్నా పైదైన 7వ స్థాయికి, అంటే చెర్నోబిల్ అణు ప్రమాదంతో సమానంగా, పెంచింది. ఆ కేంద్రాన్ని నడిపిన టెప్కో సంస్థ లోపల ఇంధనం కరిగిందని మే నెలలో గానీ ఒప్పుకోలేదు.

అప్పటికే మా జిల్లాలో పాటి సోనాపూర్ దగ్గర అణు విద్యుత్ కేంద్రం వస్తుందన్న మాట నలుగుతోంది. గోపాల్‌పూర్ చుట్టుపక్కల తీరంలో చేపలు పట్టే వాడబలిజల ఊళ్లు చాలా ఉన్నాయి. ఒడియావాళ్లు వీళ్లను నోలియాలంటారు. ఇళ్లలో మాట్లాడేది తెలుగే. ఆ వేసవిలో అలాంటి ఒక ఊరి తుపాను షెల్టర్‌లో అవగాహన సభ పెట్టారు. జనాన్ని పోగుచేసే పని మా బడివాళ్ల మీద పడింది. ఆడవాళ్లు చేపల గంపలు గోడవార దించి కింద కూర్చున్నారు. వచ్చిన పెద్ద అధికారి ఒడియాలో కొంత, ఇంగ్లీషులో కొంత మాట్లాడుతూ, ఎక్స్‌రే తీయించుకుంటే ఎంత రేడియేషన్, విమానం ఎక్కితే ఎంత అని తెర మీద బొమ్మలు చూపించారు. ఆ గదిలో విమానం ఎక్కినవాళ్లు ఎవరున్నారు?

ముందు వరుసలోంచి ఒక ముసలమ్మ లేచింది. ‘బాబూ, సునామీ వచ్చిన ఏడాది మద్రాసు పక్కనున్న మీ కేంద్రంలోకి నీళ్లు వచ్చాయా, రాలేదా? మా మేనల్లుడు అప్పుడు అక్కడే పడవ మీద పనిచేసేవాడు. వచ్చాయన్నాడు’ అంది. అది ఈనాటి విషయం కాదని అధికారి దాటవేశారు. గది గుసగుసలతో నిండిపోయింది. ఇద్దరు ముగ్గురు గంపలు నెత్తికెత్తుకున్నారు.

అప్పుడు వెనకాల నిలబడి ఉన్న కుర్ర ఇంజనీరు, శ్రీకాకుళం వైపు అబ్బాయి, ‘వచ్చాయమ్మా’ అన్నాడు. మైకు కూడా తీసుకోలేదు. సుద్దముక్కతో నల్లబల్ల మీద సముద్రం, కేంద్రానికి నీళ్లు తెచ్చే సొరంగం, పంపు హౌస్ గీశాడు. 2004 డిసెంబర్ 26న కల్పక్కంలో సముద్రపు నీరు పంపు హౌస్‌లోకి చొరబడిందని, నడుస్తున్న రెండో రియాక్టర్‌ను ఆపేశారని, డీజిల్ జనరేటర్లు ఎత్తులో ఉండటం వల్ల మునగలేదని చెప్పాడు. ఉద్యోగుల కాలనీలో ప్రాణాలు పోయిన సంగతీ దాచలేదు. ఫుకుషిమాలో కూడా రియాక్టర్లు భూకంపం రాగానే ఆగాయి. ఆగిన తర్వాత కూడా ఇంధనం వేడి పుట్టిస్తూనే ఉంటుంది. దాన్ని చల్లార్చే పంపులకు కరెంటు ఇవ్వాల్సిన జనరేటర్లు చాలావరకు నేలమాళిగల్లో ఉండి మునిగిపోయాయి. ఇంజను మునిగితే ఏమవుతుందో పడవ నడిపేవాళ్లకు ఒకరు చెప్పాలా? వెంటనే ప్రశ్నలు మొదలయ్యాయి. డీజిల్ ట్యాంకు ఎక్కడ పెడతారు? ఎన్ని రోజులకు సరిపోతుంది? రోడ్డు తెగిపోతే ఎవరు తెస్తారు? ఎత్తిన గంపలు మళ్లీ దిగాయి. చీకటి పడేదాకా ఎవరూ కదలలేదు.

వాళ్లు కేంద్రానికి ఒప్పుకున్నారని కాదు, చివరికి కూడా వద్దనే అన్నారు. కానీ ఆ అబ్బాయి మాట నమ్మారు. మీ ప్రశ్నకు నా జవాబు అదే. ప్రమాదం కబురు అందిన రోజే, ఏం చెడిందో, అలాంటిది మన దగ్గర ఏది ఉందో ముందు చెప్పాలి. మహారాష్ట్రలోని తారాపూర్‌లో 1969 నుంచి ఉన్న మొదటి రెండు రియాక్టర్లు ఫుకుషిమా రకానివే, అంటే నీటిని లోపలే మరిగించే బాయిలింగ్ వాటర్ రియాక్టర్లే. ఆ ముక్క సంస్థే చెప్పి, ఆ తర్వాత మిగతావాటిలో ఎక్కువ భాగం భారజలంతో నడిచే వేరే రకం అంటే ఎవరైనా వింటారు. ఇష్టం లేని సంగతి పరాయివాళ్ల నోట తెలిసిన తర్వాత ఎన్ని లెక్కలు చూపించినా చెవికెక్కవు. తమిళనాడులోని కూడంకుళం అణు కేంద్రం గురించి పక్కనున్న ఇడిందకరై ఊరి జనం ప్రశ్నలు అడిగితే, వాటి వెనుక విదేశీ స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయని 2012లో సాక్షాత్తు ప్రధానమంత్రే అన్నారు. ఆ ఆందోళన అంతకాలం సాగడానికి సగం కారణం ఇలాంటి మాటలేనని నా గట్టి నమ్మకం.

భయం పుడుతుందని దాచామంటారు. మా తీరం సంగతి చూడండి. 1999 పెను తుపానులో ఒడిశాలో దాదాపు 10,000 మంది పోయారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను సరిగ్గా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఈసారి గాలి ఎంత వేగంతో వస్తుందో, అల ఎంత ఎత్తు లేస్తుందో రోజుల ముందే చెప్పారు. లక్షల మంది ఇళ్లు వదిలి షెల్టర్లకు నడిచారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. గాలి గురించి ఉన్నదున్నట్టు చెబితే తట్టుకున్న మనుషులు రేడియేషన్ గురించి చెబితే తట్టుకోలేరా?

ఇంకొక్క మాట. ఆ సభలో పంచిన కరపత్రం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఉంది, తెలుగులో లేదు.  శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కడతామంటున్నారు. రాష్ట్ర సరిహద్దు చూసి సముద్రం ఆగదు. అక్కడ తెలుగులో చెప్పబోయేదేదో గంజాం తీరంలోని తెలుగు ఊళ్లకు కూడా వచ్చి చెప్పాలి, చెప్పే మనిషి ప్రమాదం జరిగాక కాకుండా ఇప్పటినుంచే అక్కడ ముఖపరిచయం ఉన్నవాడై ఉండాలి.