లిస్టులో ప్యాటర్న్ వెతకాలంటే

తమ్ముడూ,

ఆర్డర్‌లో ఉన్న కోడ్‌ల లిస్టులో "07-"తో మొదలయ్యేది ఉంటే డిస్కౌంట్ ఇవ్వాలని నువ్వు రాసి పంపిన రూల్ చూశాను, అది ఫైర్ అవ్వట్లేదు (అంటే అమలు కావట్లేదు) అన్నావు. రూల్స్ నడిపే ఇంజిన్ డ్రూల్స్‌లో బగ్ ఏమీ లేదు. లిస్టు మీద కంటైన్స్ పెడితే ఆ విలువ అచ్చం అలాగే ఉందా లేదా అన్నదే చూస్తుంది, దానికి ప్యాటర్న్ గీటర్న్ తెలియదు. "07-.*" అని ఇచ్చావు కదా, డాట్, స్టార్ తో సహా అలాగే రాసి ఉన్న కోడ్ కోసం వెతుకుతుంది, దొరకదు, రూల్ ఫైర్ అవ్వదు, పోనీ ఎర్రర్ వస్తుందా అంటే అదీ రాదు.

ప్యాటర్న్ చూసేది మ్యాచెస్. అది ఒక్కో స్ట్రింగ్ (అక్షరాల వరస, ఇక్కడ ఒక్కో కోడ్) మీద పనిచేస్తుంది కాబట్టి ముందు ఫ్రమ్‌తో లిస్టును విడదీసి, బయటికొచ్చిన ఒక్కో స్ట్రింగ్‌కి దిస్ మ్యాచెస్ అని కండిషన్ పెట్టు. కాకపోతే మూడు కోడ్‌లు కలిస్తే రూల్ మూడుసార్లు ఫైర్ అవుతుంది, డిస్కౌంట్ మూడుసార్లు పడుతుంది! ఉందో లేదో తెలిస్తే చాలనుకుంటే ముందు ఎగ్జిస్ట్స్ తగిలించు. అప్పుడు ఏ కోడ్ కలిసిందో మాత్రం దెన్ భాగంలో (రూల్ ఫైర్ అయ్యాక చేసే పని రాసే చోట) దొరకదు.

మ్యాచెస్‌కి స్ట్రింగ్ మొత్తం కలవాలి. "07" అని రాస్తే "07-4512" కలవదు, వెనక డాట్ స్టార్ (ఏ అక్షరాలైనా, ఎన్నైనా అని) ఉండాల్సిందే. ఉత్త డాట్ అంటే ఏ అక్షరమైనా అని అర్థం, "3.5" అని రాస్తే "3-5" కూడా లోపలికొచ్చేస్తుంది. నిజం డాటే కావాలంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, అదీ జావాలో లాగా రెండు.

అందరూ బోల్తా పడేది "కలవకూడదు" అనే దగ్గర. ఫ్రమ్ తర్వాత నాట్ మ్యాచెస్ రాస్తే "కలవని కోడ్ ఒక్కటైనా ఉంది" అని అర్థం వస్తుంది. లిస్టులో "07-4512", "12-0033" రెండూ ఉన్నాయనుకో, రెండోది కలవదు కాబట్టి రూల్ ఫైర్ అయిపోతుంది. అలాంటప్పుడు నీకు కావాల్సింది "కలిసేది ఒక్కటీ లేదు" కదా, అందుకని మ్యాచెస్‌ని అలాగే ఉంచి, నాట్‌ని తీసుకెళ్ళి ఫ్రమ్‌తో సహా మొత్తం కండిషన్ లైన్ ముందు పెట్టు.

ఇంకోటి, రూల్స్ నడుస్తుండగా ఆ లిస్టులోకి ఏదైనా కలిపితే ఇంజిన్‌కి దానంతట అది తెలియదు. ఆర్డర్‌ని మాడిఫై చేస్తేనే మళ్ళీ చూస్తుంది. లిస్టు మరీ పెద్దదై, చాలా రూల్స్ దాన్నే తవ్వుతుంటే, కోడ్‌లను విడివిడిగా ఫ్యాక్ట్‌లుగా (ఇంజిన్ నేరుగా చూసే డేటాగా) ఇన్సర్ట్ చేసెయ్. ముందు ఆ నాట్ సంగతి చూడు, టెస్ట్‌లో రెండు రకాల కోడ్‌లూ కలిపి ఉన్న లిస్టు ఒకటి తప్పకుండా పెట్టు.