పూత మీద తోట కొనేవాళ్ళకి

బుజ్జీ,

ఆదివారం ఫోన్‌లో నువ్వడిగినదానికి జవాబు చెప్పకుండా దాటేశాను. "పదహారేళ్ళ బేస్‌బాల్ పిల్లాడి మీద 20 లక్షల డాలర్లు పెట్టొచ్చో లేదో నేను రాసివ్వాలట మావయ్యా, వాడు పైకొస్తాడని ఎలా తెలుస్తుంది?" అన్నావు. తెలియదమ్మా. క్లబ్బులో ఆటగాళ్ళని ఎంచే ఉద్యోగంలో చేరి మూడు నెలలు కాలేదు, ఆ మాట అప్పుడే అంటే రాత్రంతా నిద్రపోవని ఊరుకున్నాను. తెలియనిదాని మీద డబ్బు పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలన్నది మాత్రం ఇరవై ఏళ్ళుగా దెబ్బలు తిని కొంత నేర్చుకున్నాను. అదే రాస్తున్నా. ఈ ఉత్తరం మీ నాన్న కూడా చదువుతాడని తెలుసు. బావకి క్రికెట్ తప్ప ఇంకో ఆట ఆటే కాదు కాబట్టి నీకు తెలిసినవి కూడా అక్కడక్కడా చెబుతాను, విసుక్కోకు.

మీ తాతయ్య నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలు పూత మీద కొనేవాడు. నువ్వు పుట్టేసరికే మానేశాడులే. పూత మీద కొంటే చవక, కాయ మీద కొంటే ఖరీదు. మధ్యలో మంచు పట్టొచ్చు, తేనెమంచు పురుగు తగలొచ్చు, ఒక్క గాలివానకి పిందె అంతా రాలిపోవచ్చు. ఆయన తోటలోకి వెళ్తే పూత వైపు పెద్దగా చూసేవాడు కాదు. చెట్ల వయసు అడిగేవాడు. చెట్టు మొదట్లో మట్టి గిల్లి చూసేవాడు. పోయినేడు విరగకాసిందని తెలిస్తే ఈసారి పూత ఎంత ఉన్నా ధర తగ్గించి అడిగేవాడు. మన పనీ అదే. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా పిల్లల్ని పదహారేళ్ళకి తీసుకోవడం పూత మీద కొనడం. అమెరికా హైస్కూల్ పిల్లాణ్ణి డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునే చోట, తీసుకోవడం పిందె మీద కొనడం. మూడేళ్ళు కాలేజీలో ఆడినవాణ్ణి తీసుకుంటే కాయ మీద కొన్నట్టు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందనే సామెతని మాత్రం ఆఫీసు గుమ్మం బయటే వదిలెయ్.

బావా, ఇది ఐపీఎల్ వేలంలాంటిది కాదు. అక్కడ కొన్నవాడు ఆ సీజన్‌లోనే మైదానంలో దిగగలడు. ఇక్కడ జనవరి 15న సంతకం పెట్టినవాడు ముందు డొమినికన్ సమ్మర్ లీగ్‌లో ఆడాలి, తర్వాత మైనర్ లీగుల్లో ఒక్కో మెట్టూ ఎక్కాలి. నాలుగేళ్ళు పట్టొచ్చు, ఏడేళ్ళు పట్టొచ్చు, ఎక్కువమంది అసలు పైనున్న మేజర్ లీగ్ దాకా రారు. పైగా 2017 నుంచి ప్రతి క్లబ్బుకీ విదేశీ పిల్లల కోసం ఏడాదికి ఇంతే ఖర్చుపెట్టాలని గట్టి హద్దు ఉంది. చాలా క్లబ్బులకి అది 60, 70 లక్షల డాలర్ల దగ్గర ఉంటుంది. అందుకే బుజ్జీ, నీ ప్రశ్న సగమే. ఆ 20 లక్షలు వీడికి ఇస్తే ఎవరెవర్ని వదులుకుంటున్నాం అన్నది మిగతా సగం. ఇద్దరు పది లక్షల పిల్లలా, పదిమంది రెండు లక్షల పిల్లలా? పిల్లాడి పేరు పక్కన ఆ జాబితా లేకుండా నీ రిపోర్టు మీ బాస్ బల్ల మీదకి పోకూడదు.

హోసే ఆల్టువేని వెనిజులాలో ట్రయౌట్‌కి (ఎంపిక పరీక్షకి) వస్తే పొట్టిగా ఉన్నాడని ఇంటికి పంపేశారు. వాళ్ళ నాన్న మర్నాడు మళ్ళీ వెళ్ళమంటే వెళ్ళాడు. 2007లో హ్యూస్టన్ క్లబ్బు అతనికి ఇచ్చింది 15 వేల డాలర్లు. అదే హ్యూస్టన్ ఫ్రాంబర్ వాల్డెజ్‌ని 21 ఏళ్ళ వయసులో, అంటే ఈ బజారులో ముసలివాడు అనుకునే వయసులో, 10 వేలకి తీసుకుంది. రోనాల్డ్ అకూన్యా జూనియర్‌కి అట్లాంటా ఇచ్చింది లక్ష. ముగ్గురూ పెద్ద ఆటగాళ్ళయ్యారు. అటువైపు 2016లో కెవిన్ మైటాన్‌కి అట్లాంటా 42.5 లక్షలు ఇస్తే అతను మేజర్ లీగ్ దాకా రాలేదు. ఇవి చదివి చవకవాళ్ళే నయమని మాత్రం అనుకోకు. హువాన్ సోటోకి 15 లక్షలు, వ్లదిమిర్ గెరేరో జూనియర్‌కి 39 లక్షలు ఇచ్చారు, ఇద్దరూ ఆ డబ్బుకి ఎన్నో రెట్లు తిరిగిచ్చారు. 10 వేలకి వచ్చి పేరు లేకుండా వెళ్ళిపోయినవాళ్ళ కథలు ఎవరూ చెప్పరు కాబట్టి మనకి ఆల్టువే ఒక్కడే గుర్తుంటాడు.

ముందు పుట్టినతేదీ చూడు, వీడియో తర్వాత. 2025 జనవరి బ్యాచ్‌లో కొత్తగా అర్హత వచ్చినవాళ్ళు 2007 సెప్టెంబరు 1కీ 2008 ఆగస్టు 31కీ మధ్య పుట్టినవాళ్ళు. సంతకం నాటికి అందరికన్నా పెద్దవాడికి 17 ఏళ్ళ నాలుగున్నర నెలలు, చిన్నవాడికి 16 ఏళ్ళ నాలుగున్నర నెలలు. కాగితం మీద ఇద్దరూ ఒకే క్లాసు. ఒకడికి మీసం వచ్చేసింది, ఇంకొకడికి గొంతు ఇప్పుడే మారుతోంది. పెద్దవాడు రెండడుగులు ఎక్కువ దూరం కొట్టాడని వాణ్ణి పైన పెడితే, నువ్వు కొన్నది ఆటని కాదు, ఏడాది వయసుని. డ్రాఫ్ట్‌లోనూ ఇంతే. తర్వాత స్టార్లయిన మైక్ ట్రౌట్, బ్రైస్ హార్పర్, కార్లోస్ కొర్రెయా ముగ్గురికీ డ్రాఫ్ట్ నాటికి 17 ఏళ్ళే. మూడు పేర్లతో సూత్రం కట్టకూడదు కానీ, అదే ఆట 19 ఏళ్ళవాడు ఆడితే నేను ఒక మెట్టు తగ్గిస్తాను. ఇంక ఆ తేదీ నిజమేనా అన్నది వేరే తలనొప్పి. 2006లో వాషింగ్టన్ 14 లక్షలిచ్చి తీసుకున్న పదహారేళ్ళ షార్ట్‌స్టాప్‌కి (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) అప్పటికే 20 ఏళ్ళని 2009లో బయటపడింది. బావకి ఇది కొత్త కాదు, మన క్రికెట్ బోర్డు అండర్ 16 పిల్లలకి మణికట్టు ఎక్స్‌రేలు తీయించేది ఇందుకే కదా.

నా తప్పు ఒకటి చెబుతాను. బోకా చికా దగ్గర, చెరకు తోట పక్కన ఒక మైదానం. పొద్దున తొమ్మిదికే ఒళ్ళు మండుతోంది. షార్ట్‌స్టాప్ పిల్లాడు 60 గజాలు 6.5 సెకన్లలో పరిగెత్తాడు. తర్వాత బ్యాటింగ్ ప్రాక్టీస్‌లో వరసగా నాలుగు బంతులు చెరకులోకి కొట్టాడు. వాటి కోసం చిన్నపిల్లలు చెప్పుల్లేకుండా పరిగెడుతున్నారు. నా దగ్గర రాడార్ పరికరం ఉంది, బంతి బ్యాట్ మీంచి వెళ్ళిన వేగం చూసి నాకు చెమటలు పట్టాయి. బ్యాటింగ్‌కి, 20 నుంచి 80 దాకా ఉండే మా కొలతలో, 60 వేశాను. ఆటగాళ్ళని వెతికిపెట్టే మా స్థానిక స్కౌట్, నాకన్నా పెద్దాయన, పక్కన కూర్చుని చెరకు ముక్క నములుతూ, "బ్యాట్ చూడకు, ముందుకాలు చూడు" అన్నాడు. బంతి రాకముందే ఆ కాలు పక్కకి తెరుచుకుపోతోంది. ప్రతిసారీ. మధ్యాహ్నం నిజమైన పిచర్ (బంతి విసిరేవాడు) ముందు నిలబెడితే వంపు తిరిగి నేలని తాకే కర్వ్ బంతులకి మూడుసార్లు బ్యాట్ ఊపాడు. ఎండకి అలిసిపోయాడులే అని రాసుకున్నాను. నిజానికి ఎండకి అలిసింది నేను. రెండోసారి వాడు బ్యాటింగ్‌కి వచ్చేసరికి నేను కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాను.

వాడికి మేము పెద్ద బోనస్సే ఇచ్చాం. నాలుగేళ్ళ తర్వాత కూడా ముందుకాలు అలాగే తెరుచుకునేది. కింది లీగులోనే వదిలేశారు.

బ్యాటింగ్ ప్రాక్టీస్ పెళ్ళిచూపుల్లాంటిది. చీరా సిద్ధం, పాటా సిద్ధం. అంతా ముందే తెలిసిన బంతి, నెమ్మదిగా, నడుం ఎత్తున. నువ్వు చూడాల్సింది వాడు కొట్టే బంతులు కాదు, వదిలేసే బంతులు. సోటోలో జనం మెచ్చుకునేది ఈనాటికీ అదే. రెండు స్ట్రయికులు పడ్డాక (మూడోది పడితే ఔట్) ఏం మారుస్తున్నాడు? నిన్న మోసపోయిన బంతికి ఇవాళ మళ్ళీ మోసపోతున్నాడా? ఒక పిల్లాణ్ణి కనీసం మూడు వేర్వేరు రోజుల్లో, నిజమైన ఆటలో చూసినవాళ్ళు ఉంటేనే అంకె వెయ్యి. నడక చూసి గుణం చెప్పే స్కౌట్లు ఉంటారు, వాళ్ళ మాట సగం నమ్ము. ముందుకాలు చూడమన్న స్కౌట్ మాట మాత్రం పూర్తిగా నమ్ము.

మన 20 నుంచి 80 కొలతలో ఎప్పుడూ రెండు అంకెలు వేస్తాం కదా, ఇప్పుడెంత, ముందుముందు ఎంత అని. పదహారేళ్ళవాడి బ్యాటింగ్‌కి మొదటి అంకె మామూలుగా 20, 30 దాటదు. రెండోది నీ ఊహ. ఊహ అని ఒప్పుకుంటూనే రాయి. ఒక్క 55 వేసి ఊరుకోకుండా, బాగా కలిసొస్తే ఎంత, కలిసిరాకపోతే ఎంత, అని రెండూ వెయ్యి. ఒక్క వేగం చూసి మురిసిపోతే ఏమవుతుందో మనవాళ్ళ ఉదాహరణే ఉంది. 2008లో మన దేశంలో బంతి వేగంగా విసిరే పోటీ పెడితే, అందులో పైకొచ్చిన, అంతకుముందు ఎప్పుడూ బేస్‌బాల్ ఆడని ఇద్దరు ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్ళని పిట్స్‌బర్గ్ తీసుకుంది. వాళ్ళలో రింకూ సింగ్ (బావా, క్రికెటర్ కాదు) మైనర్ లీగుల్లో కొన్నేళ్ళు నిలబడ్డాడు, అదే పెద్ద సంగతి. మేజర్ లీగ్ దాకా ఇద్దరూ రాలేదు. చేతిలో బలం ఉండటం వేరు, పిచింగ్ వేరు.

డ్రాఫ్ట్ సంగతి కొంచెం వేరు, అక్కడ డబ్బు లెక్కలు ఇంకా ముదురు. 2012లో హ్యూస్టన్‌ది మొదటి ఎంపిక. ఆ స్థానానికి కట్టిన విలువ 72 లక్షల డాలర్లు. వాళ్ళు కొర్రెయాతో 48 లక్షలకి ఒప్పందం చేసుకున్నారు. మిగిలిన డబ్బు చేతిలో ఉంది కాబట్టే 41వ స్థానంలో లాన్స్ మెకల్లర్స్‌కి 25 లక్షలు ఇచ్చి కాలేజీకి పోకుండా ఆపగలిగారు. 2017లో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఇద్దరూ ఉన్నారు. (ఎదుటి జట్టు సంకేతాలు దొంగిలించారని ఆ కప్పు మీద పడ్డ మచ్చ సంగతి ఇంకోసారి.) మొదటి స్థానంలో ఎవరు గొప్ప అని కాకుండా, ఉన్న మొత్తంతో ఎవరెవరు వస్తారని ఆలోచించారు.

మరుసటి ఏడు మళ్ళీ వాళ్ళదే మొదటి ఎంపిక. ఈసారి కాయ మీద కొన్నారు. స్టాన్‌ఫర్డ్‌లో నాలుగేళ్ళు ఆడిన పిచర్ మార్క్ అపెల్. రెండో స్థానంలో షికాగో క్రిస్ బ్రయంట్‌ని తీసుకుంది, 32లో న్యూయార్క్ యాంకీస్ ఆరన్ జడ్జ్‌ని. ఆ ఇద్దరూ పెద్ద స్టార్లయ్యారు. అపెల్ 2018లో ఆట వదిలేసి, మళ్ళీ వచ్చి, 30 ఏళ్ళకి 2022లో ఫిలడెల్ఫియా తరఫున మొదటిసారి మేజర్ లీగ్‌లో దిగాడు. ఆ రోజు నేను చప్పట్లు కొట్టాను, అది వేరే మాట. అపెల్‌ని ఎంచుకోవడం తెలివితక్కువ పనా? ఆ ఏడాది జూన్‌లో చాలా క్లబ్బుల జాబితాల్లో పైన ఉన్న పేరే అది. 2009లో ఏంజెల్స్ క్లబ్బుకి 24, 25వ ఎంపికలు వరసగా ఉంటే ముందు రాండల్ గ్రిచుక్ పేరు పిలిచి, తర్వాత ట్రౌట్‌ని పిలిచారు. వాళ్ళ ముందున్న క్లబ్బులన్నీ ట్రౌట్‌ని దాటిపోయాయి. ఇలాంటివి చూసే నేను ఒక అలవాటు చేసుకున్నాను. నిర్ణయం తీసుకున్న రోజే, ఎందుకు తీసుకున్నామో, ఏం తెలియకుండా తీసుకున్నామో ఒక పేజీ రాసి తేదీ వేసి పెట్టుకుంటాను. మూడేళ్ళ తర్వాత అది తీసి చదువుతాను. పిల్లాడు పైకొచ్చాడా అని కాదు, ఆ రోజు నాకు తెలిసినదాన్ని సరిగా వాడానా అని. కొన్నిసార్లు గెలిచిన పేజీలే చదవడానికి సిగ్గుగా ఉంటాయి.

ఇంకొక్క మాట. అక్కడ బుస్కోన్లని పిలిచే శిక్షకులు పిల్లల్ని పన్నెండు, పదమూడేళ్ళకే చేరదీసి, తిండి పెట్టి, తర్వాత బోనస్‌లో వాటా తీసుకుంటారు. మంచివాళ్ళూ ఉన్నారు, ఒళ్ళు పెరగడానికి సూదులు పొడిచేవాళ్ళూ ఉన్నారు. పదహారు నిండకముందే నోటిమాట ఒప్పందాలు జరుగుతాయన్నది అందరికీ తెలిసిన రహస్యం. పదమూడేళ్ళవాడి పేరు మీద నిన్నెవరైనా అంకె వెయ్యమంటే, వెయ్యలేనని చెప్పు. ఉద్యోగం పోదు. పోయినా మీ మావయ్య ఉన్నాడు. ఇచ్చిన మాట చివరి నెలలో వెనక్కి తీసుకునే క్లబ్బులుంటాయి. అప్పటికి మిగతా క్లబ్బుల డబ్బంతా అయిపోయి ఉంటుంది, ఆ పిల్లాడికి చదువూ ఉండదు. అలాంటి కాగితం మీద నీ సంతకం ఉండకుండా చూసుకో.

వచ్చే నెల పదో తారీకు అరిజోనా వస్తున్నాను. నువ్వు తెగ పొగిడావే, ఆ ఎడంచేతి కుర్రాడు, వాణ్ణి చూద్దాం. వీడియోలు పంపకు. పుట్టినతేదీ పంపు, ఇంతవరకూ నిజమైన ఆటలో ఎన్నిసార్లు బ్యాటింగ్‌కి దిగాడో పంపు. నీ అంకె ఎంతో నేను చూసేదాకా చెప్పకు. ఇద్దరం విడివిడిగా కాగితం మీద రాసుకుని, రాత్రి భోజనం దగ్గర విప్పుదాం. మీ అమ్మ గోంగూర పచ్చడి పంపుతానంది, తెస్తాను.

మీ మావయ్య