బాన్‌లో బీథోవెన్ పుట్టిన ఇల్లు: సంగీతం తెలీనోళ్ళు వెళ్తే బోర్ కొడుతుందా?

జర్మనీలో కొలోన్‌లో ఒక పూట ఖాళీగా ఉంది, వెస్టర్న్ క్లాసికల్‌లో ఓనమాలు కూడా రావు, ఆ సంగీతంలో పెద్ద స్వరకర్త బీథోవెన్ ఇంటికి వెళ్ళడం దండగా అని కదా అడిగారు. వెళ్ళండి. నాకూ రావు, సింఫనీకీ సొనాటాకీ తేడా చెప్పమంటే ఇప్పటికీ నీళ్ళు నములుతా.

కొలోన్ నుంచి ట్రైన్‌లో అరగంట పడుతుందంతే. బాన్ స్టేషన్‌లో దిగాక నడిచే వెళ్ళొచ్చు, దార్లోనే మున్‌స్టర్‌ప్లాట్జ్‌లో ఆయన పెద్ద విగ్రహం కూడా కనిపిస్తుంది, 1845లో పెట్టింది.

ఇల్లు బాన్‌గాసె అనే వీధిలో 20వ నంబరు. పెద్ద బంగళా ఊహించుకోకండి, బీథోవెన్ వాళ్ళు అందులో వెనక వాటాలో అద్దెకున్నోళ్ళు. 1770 డిసెంబర్ 17న బాప్టిజం ఇచ్చినట్టు రికార్డుంది గానీ పుట్టిన తేదీకి రికార్డు లేదు, 16 అయ్యుంటుందని అనుకుంటారు. పిల్లాడికి ఊహ తెలిసేలోపే ఇల్లు ఖాళీ చేసేశారు కూడా. తర్వాత ఎప్పుడో దాన్ని పడగొట్టేస్తారేమో అన్న టైంలో, 1889లో ఊళ్ళోవాళ్ళు పన్నెండు మంది కలిసి సంఘం పెట్టి కొని నిలబెట్టారు.

నేను చేసిన తప్పేంటంటే, టికెట్ తీసుకోగానే ఆయన పుట్టిన గది ఎక్కడ అని పైకి పరిగెత్తా. చిన్న గది, ఒక తల విగ్రహం, రెండు నిమిషాల్లో అయిపోయింది, ఇంతేనా అనిపించింది. అసలు సంగతి వేరే గదుల్లో ఉంది.

చెవిలో పెట్టుకునే గొట్టాలున్నాయి చూడండి, వాటి దగ్గర ఆగండి. ఆయన వినికిడి పోతున్నప్పుడు మేల్జెల్ అనే ఆయన 1812, 1814 మధ్యలో చేసిచ్చినవి, తర్వాత మెట్రోనోమ్‌తో (టిక్ టిక్ మంటూ తాళం వేగం చూపించే పరికరం) పేరొచ్చింది ఈయనకే. లోహంతో చేసినవి, చూట్టానికి కాస్త గరిటెల్లాగా కాస్త గరాటుల్లాగా ఉంటాయి. మా నాన్నగారికి రెండు చెవులకీ మిషన్లే, ఆయన వాటి ముందు చాలాసేపు నిలబడి "వీటికి బ్యాటరీ గొడవ లేదు కదరా" అన్నారు. అప్పటిదాకా బీథోవెన్ అంటే జుట్టు చెదిరిన కోపిష్టి మనిషి బొమ్మ, అంతే నాకు. అక్కడ నుంచి మా ఇంట్లో మనిషిలా అనిపించాడు.

ఇంకోటి, 1818 నుంచీ ఎవరైనా ఆయనతో మాట్లాడాలంటే చిన్న నోటుపుస్తకంలో రాసి చూపించేవాళ్ళు, ఆయన మాత్రం నోటితోనే జవాబు చెప్పేవాడు. అందుకని ఆ పుస్తకాల్లో ఎక్కువగా ఎదుటివాళ్ళ మాటలే మిగిలాయి, పక్కన ఎవరో ఫోన్‌లో మాట్లాడుతుంటే మనకి ఒక వైపే వినపడినట్టు. "మీ అమ్మ కూడా ఇలా రాసి చూపిస్తే బావుణ్ణు, అరవకుండా" అని నాన్నగారి కామెంటు.

ఆయన చివరి పియానో కూడా ఇక్కడే ఉంది, వియన్నాలో కాన్రాడ్ గ్రాఫ్ చేసింది. మామూలుగా ఒక స్వరానికి మూడు తీగెలుండే చోట నాలుగేసి వేశాడట. అప్పటికి బీథోవెన్‌కి దాదాపు ఏమీ వినపడేది కాదు. ఆ ఒక్క ఎక్స్‌ట్రా తీగె గురించి నేను ట్రైన్‌లో తిరిగొచ్చే దాకా ఆలోచిస్తూనే ఉన్నా. 1827లో పోయాడు, 56 ఏళ్ళకి. ఆస్థాన ఆర్కెస్ట్రాలో కుర్రాడిగా వాయించిన వయోలా కూడా ఉంది గానీ, నిజం చెప్పాలంటే నాకు అది వయొలిన్‌లానే కనిపించింది.

ఒకటిన్నర గంట పెట్టుకుంటే తీరిగ్గా చూడొచ్చు. సెలవు ఏ రోజో ముందే సైట్‌లో చూసుకుని బయల్దేరండి. టైం మిగిలితే ఆయనకి బాప్టిజం ఇచ్చిన రాతి తొట్టి దగ్గర్లోనే సెయింట్ రెమీజియస్ చర్చిలో ఉంది, అదీ చూసేయండి. పుట్టిన గది మాత్రం ఆఖర్న పెట్టుకోండి, గొట్టాలూ పియానో చూశాక ఎక్కితే ఆ ఖాళీ గదే వేరేగా ఉంటుంది, నేను రెండోసారి మెట్లెక్కి మరీ చూసొచ్చా.