‘ఏ కీవర్డ్‌తో ఎంతమంది వచ్చారు?’ ఇంటర్వ్యూలో దీనికి జవాబేంటి?

ప్రశ్న: ఈ ఏడాది బీకామ్ కంప్యూటర్స్ పూర్తిచేశాను. హైదరాబాద్‌లో ఎస్‌ఈఓ (గూగుల్ ఫలితాల్లో సైట్‌ని పైకి తెచ్చే పని) ట్రైనీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే ‘ఏ కీవర్డ్ వల్ల సైట్‌కి ఎంత ట్రాఫిక్ వస్తోందో ఎలా చెబుతారు?’ అని అడిగారు. గూగుల్ అనలిటిక్స్‌లో చూస్తామన్నాను. మళ్లీ పిలుపు రాలేదు. నా జవాబులో తప్పేంటి? అమీర్‌పేటలో కోర్సులో చేరాలా? మా మేనమామకి ఆత్రేయపురం పూతరేకులు అమ్మే చిన్న వెబ్‌సైట్ ఉంది. ప్రాక్టీసుకి పనికొస్తుందా?
– ఒక విద్యార్థిని, రావులపాలెం

జవాబు: మీరు చెప్పింది 2011కి ముందైతే సరిపోయేది. ఆ ఏడాది అక్టోబర్ నుంచి, లాగిన్ అయి వెతికేవాళ్ల పదాలను గూగుల్ సైట్లకు పంపడం మానేసింది. 2013 నాటికి దాదాపు అందరి వెతుకులాటా అదే దారి పట్టింది. అలా అనలిటిక్స్‌లో కీవర్డ్ (వెతికిన పదం) ఉండాల్సిన చోట ‘నాట్ ప్రొవైడెడ్’ అని కనబడటం మొదలైంది. పాత పుస్తకాలు, పాత వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లంతా ఇక్కడే దొరికిపోతారు.

ఇప్పుడు లెక్క రెండు చోట్ల ఉంటుంది. గూగుల్‌లో ఏ పదానికి మీ సైట్ ఎన్నిసార్లు కనబడింది, ఎన్ని క్లిక్కులు పడ్డాయి అన్నది, సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ చెబుతుంది. వచ్చినవాళ్లు సైట్‌లో ఏం చేశారు, ఆర్డర్ పెట్టారా లేదా అన్నది అనలిటిక్స్ చెబుతుంది. ఈ రెంటినీ కలిపే ముడి పేజీ ఒక్కటే. ‘ఈ కీవర్డ్ వల్ల ఇన్ని ఆర్డర్లు’ అని కచ్చితంగా చెప్పే రిపోర్ట్ ఎక్కడా లేదు. ‘ఈ పేజీకి ఈ పదాలతో ఇన్ని క్లిక్కులు, ఆ పేజీలో దిగినవాళ్ల నుంచి ఇన్ని ఆర్డర్లు’ అనే వరకే చెప్పగలం, మిగతాది అంచనా. ఆ రోజు వాళ్లు వినాలనుకున్నది ఈ తేడానే.

మీ మేనమామ గారి సైట్ కోర్సు కంటే ఎక్కువ నేర్పుతుంది. ముందు సెర్చ్ కన్సోల్‌లో డొమైన్ ప్రాపర్టీ (సైట్ చిరునామా మొత్తం) జోడించండి. దీనికి డొమైన్ కొన్న చోట డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ సెట్టింగుల్లో, ఒక టెక్స్ట్ రికార్డు పెట్టాలి. చిన్న వ్యాపారాల్లో పని ఆగేది ఇక్కడే: ఆ పాస్‌వర్డ్ సైట్ కట్టిన కుర్రాడి దగ్గర ఉంటుంది, ఆ కుర్రాడు ఫోన్ ఎత్తడు. ఓనర్‌గా మామయ్యనే ఉంచి, మీరు ఫుల్ యూజర్‌గా చేరండి. తర్వాత అనలిటిక్స్ అడ్మిన్‌లో ప్రొడక్ట్ లింక్స్ కింద సెర్చ్ కన్సోల్‌ని కలపాలి. దానికి ఓనర్ హోదా కావాలి కాబట్టి ఆయన లాగిన్‌తో, ఆయన పక్కనే కూర్చుని చేయండి. కలిపాక రిపోర్టులు వాటంతటవే మెనూలోకి రావు. లైబ్రరీలోకి వెళ్లి పబ్లిష్ చేయాలి. లింకు పనిచేయలేదనుకుని మళ్లీ మళ్లీ కలిపేవాళ్లున్నారు.

కొన్ని రోజులకు అంకెలు పడతాయి. సెర్చ్ కన్సోల్ పెర్ఫార్మెన్స్ రిపోర్టులో ముందు పేజీని ఎంచుకోండి, ఆ తర్వాతే క్వెరీల (వెతికిన పదాల) ట్యాబ్ తెరవండి. చాలామంది నేరుగా క్వెరీల మీద పడి, వందల పదాల జాబితా చూసి తికమకపడతారు.

తెలుగు సైట్లకు ఇక్కడో ప్రత్యేకమైన చిక్కుంది. ఒకరు ‘పూతరేకులు’ అని, ఇంకొకరు ‘పూత రేకులు’ అని, మరొకరు ‘పుతరేకులు’ అని కొడతారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లయితే ‘ఓ’ రెండుసార్లు వేసేవాళ్లు, ‘యు’ వేసేవాళ్లు, ‘టి’ పక్కన ‘హెచ్’ పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు. విడివిడిగా చూస్తే ఒక్కోదానికి నాలుగైదు క్లిక్కులే, కలిపితే అదే మీ పెద్ద కీవర్డ్. క్వెరీ ఫిల్టర్‌లో రీజెక్స్ (పదాల నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) ఎంచుకుని ‘పూత ?రేకు|పుతరేకు’ అని ఇవ్వండి. ప్రశ్నార్థకం ముందున్న ఖాళీ ఉన్నా సరే, లేకున్నా సరే అని అర్థం. నిలువు గీత అంటే ‘లేదా’. ‘[అ-హ]’ అని ఇస్తే తెలుగు లిపిలో వెతికినవన్నీ ఒకచోటికి వస్తాయి. దాన్నే ‘మ్యాచ్ కానివి’గా మారిస్తే ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవి మిగులుతాయి. కొట్టు పేరుతో వెతికినవాటిని కూడా ఇలాగే వేరు చేయండి. ఆ పేరు తెలిసి వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చేవాళ్లే. వాళ్లని ఎస్‌ఈఓ ఖాతాలో వేసుకుంటే ఏజెన్సీ వాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఇక సగటు స్థానం, అంటే ఫలితాల్లో మీ పేజీ సగటున ఎన్నోది అన్నది. ఫ్రెషర్లు ఎక్కువగా బోల్తాపడేది దీని దగ్గరే. ఒక పదానికి పోయిన నెల మీ పేజీ 100 సార్లు కనబడింది, ప్రతిసారీ 3వ స్థానంలో, 10 క్లిక్కులు వచ్చాయనుకుందాం. ఈ నెల ఆ 100తో పాటు ఇంకో 300 సార్లు 15వ స్థానంలో కనబడింది, మొత్తం 14 క్లిక్కులు. సగటు 3 నుంచి 12కి జారుతుంది. సీటీఆర్ (కనబడినవాటిలో క్లిక్కుల శాతం) 10 శాతం నుంచి 3.5 శాతానికి దిగుతుంది. రెండు అంకెలూ పడిపోయాయి, సైట్‌కి వచ్చింది మాత్రం నలుగురు ఎక్కువ. ఇది తెలియకుండా ‘ర్యాంకు పోయింది’ అని క్లయింట్‌కి మెయిల్ పెడితే అనవసరంగా కంగారు పెట్టినట్టే. ఇంప్రెషన్లు (ఎన్నిసార్లు కనబడింది), క్లిక్కులు, సగటు స్థానం మూడూ పక్కపక్కన పెట్టుకునే మాట్లాడండి.

అంకెలు కుదరకపోవడానికి కారణాలు కూడా ముందే తెలిసి ఉండాలి. గ్రాఫ్ పైన 200 క్లిక్కులుంటాయి, కింద పట్టికలో కూడితే 120 కూడా రావు. అతికొద్ది మంది మాత్రమే వెతికిన పదాలను గోప్యత కోసం గూగుల్ పట్టికలో చూపదు, మొత్తంలో మాత్రం కలుపుతుంది. చిన్న ఊళ్ల సైట్లలో ఈ తేడా బాగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పైగా తెర మీద 1000 వరుసలకు మించి కనబడవు. సెర్చ్ కన్సోల్ రోజు అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం మారుతుంది, మనకంటే పన్నెండున్నర లేదా పదమూడున్నర గంటలు వెనక. మీ అనలిటిక్స్ భారత సమయంలో ఉంటే ఏ రోజు లెక్కా ఆ రోజుతో సరిపోదు, నెల లెక్కలే పోల్చండి. క్లిక్కు పడినా పేజీ తెరుచుకోకముందే వెనక్కి పోయినవాళ్లు, యాడ్ బ్లాకర్ వాడేవాళ్లు అనలిటిక్స్‌లోకి ఎక్కరు.

ఇంకోటి: 2025 సెప్టెంబర్‌లో, ఒకే పేజీలో 100 ఫలితాలు తెరిచే వీలును గూగుల్ తీసేసింది. ర్యాంకులు చూసే సాఫ్ట్‌వేర్లు అలా తెరిచినప్పుడు ఎక్కడో అడుగునున్న సైట్లకు కూడా ఇంప్రెషన్ పడేది. అది ఆగాక చాలా సైట్లకు ఇంప్రెషన్లు పడిపోయాయి, సగటు స్థానం మెరుగైనట్టు కనబడింది. ఆ నెలను దాటి పోల్చిన ఏ రిపోర్టునైనా అనుమానంగానే చూడండి.

పూతరేకులకు సీజన్ ఉంటుంది కాబట్టి జనవరిని డిసెంబర్‌తో కాక పోయిన జనవరితో పోల్చండి. సెర్చ్ కన్సోల్ 16 నెలల డేటానే ఉంచుతుంది. అందుకే ప్రతి నెలా మొదటి వారంలో పోయిన నెల లెక్క ఎగుమతి చేసి ఎక్సెల్‌లో దాచండి. నిలువు వరుసలు ఇవి చాలు: నెల, పేజీ, పదాల గుంపు, ఇంప్రెషన్లు, క్లిక్కులు, సగటు స్థానం, ఆ పేజీలో దిగిన సెషన్లు (సందర్శనలు), ఆర్డర్లు, ఆ నెల పేజీలో ఏం మార్చారు. చివరి నిలువు వరుస రాయకపోతే మూడు నెలల తర్వాత అంకె ఎందుకు కదిలిందో ఎవరికీ గుర్తుండదు. బీకామ్‌లో పివట్ టేబుల్ (ఎక్సెల్ లెక్కలను గుంపులుగా కూడి చూపే పట్టిక) చేసే ఉంటారు, అది ఇక్కడ మీకు కలిసొస్తుంది.

కోర్సుకి ఇప్పుడే డబ్బు కట్టొద్దు. గూగుల్ శిక్షణ సైట్ స్కిల్‌షాప్‌లో అనలిటిక్స్ సర్టిఫికెట్ ఉచితం, ముందది రాయండి. మూడు నెలలు ఈ షీట్ నింపండి. ఆ తర్వాత కూడా చేరాలనిపిస్తే, డెమో క్లాసులో లైవ్ సైట్ సెర్చ్ కన్సోల్ తెరిచి చూపించమనండి. స్క్రీన్‌షాట్లు చూపి సరిపెట్టే చోటు వద్దు.

ఇంటర్వ్యూకి ఆ షీటే పట్టుకెళ్లండి. ఆర్డర్ల అంకెలు బయటపెట్టడం మామయ్యకి ఇష్టం లేకపోతే వాటి బదులు పోయిన నెలతో పోలిస్తే ఎంత శాతం పెరిగిందో, తగ్గిందో రాయండి.