అమ్మాయిల కబడ్డీ జట్టు ఎంపిక: ఒడిశా పర్లాకిమిడిలోని మేనకోడలికి

చిరంజీవి అమ్ములుకి మీ మేనత్త ఆశీస్సులు.

జిల్లా అమ్మాయిల కబడ్డీ జట్టును ఈసారి నువ్వే ఎంపిక చేస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నా గుండె నిండిపోయింది. నీ మొహమాటం తలుచుకుంటేనే భయం. ఫలానావారి పిల్ల అని ఎవరో ఒక మాట వేస్తారు, నువ్వు కాదనలేవు. అందుకే ట్రయల్స్‌లో చొక్కాల మీద, నీ కాగితం మీద నంబర్లే ఉండాలి. పేర్లు చివర్లో చూసుకో.

ఆడపిల్లల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. కూతకెళ్ళినవాళ్ళు దాటి తీరాల్సిన బాక్ లైన్ మధ్యగీత నుంచి 3 మీటర్లు, దాని వెనక అదనపు పాయింటుకి గీసే బోనస్ లైన్ ఇంకో మీటరు. ముందురోజే గులకరాళ్ళు ఏరించి, నేల తడిపించు. ఎండెక్కకముందే మొదలుపెట్టు.

ఇక అసలు సంగతి. మనవైపు ట్రయల్స్‌లో ఏళ్ళ తరబడి జరిగే పొరపాటు ఒకటుంది. ఏడుగురిని అటు, ఏడుగురిని ఇటు దింపి ఆడిస్తారు. కూతకెళ్ళి పాయింట్లు తెచ్చినవాళ్ళ నంబర్లు రాసేసుకుంటారు. జనం చప్పట్లు కొట్టేదీ కూతకే. తీరా పోటీకి వెళ్ళాక చూస్తే జట్టంతా కూతకెళ్ళే రైడర్లే, వరస చివర కార్నర్‌లో నిలబడి పట్టు పట్టే పిల్ల ఒక్కర్తీ ఉండదు. పేరున్న రైడర్ అవుటై బయట కూర్చుంటే, లోపలున్నవాళ్ళు ఒక పట్టు పట్టో, కూతలో తాకో అవతలివాళ్ళలో ఒకరిని అవుట్ చేస్తేగాని ఆమె తిరిగి రాదు. ఆ పట్టు పడదు. లోపల ఒక్కరూ మిగలక ఆలౌట్ అవుతారు, అవతలివాళ్ళకి అదనంగా రెండు పాయింట్లు పోతాయి.

కాబట్టి ప్రతి పిల్లనీ ఎడమ కార్నర్‌లో, కుడి కార్నర్‌లో పెట్టి పదేసి కూతలు చూడు. నీ చూపు పాదాల మీదుండాలి. రైడర్ కాలు చాచగానే దూకేసే పిల్ల పాయింటు ఇచ్చేస్తుంది. మంచి కార్నర్ ఆ కాలు నేలకాని, ఒంటి బరువు దానిమీద పడేదాకా ఆగుతుంది. అప్పుడు వంగి చీలమండని రెండు చేతులతో ఒడిసిపట్టి తనవైపు లాక్కుంటుంది. తల రైడర్ మోకాలికి ఎదురుగా కాక పక్కకుండాలి, లేదంటే దెబ్బ ముఖానికే. అదే క్షణంలో కార్నర్ పక్కన సాయానికి నిలబడే కవర్‌ని చూడు. కార్నర్ పట్టగానే నడుము అందుకుందా, నిలబడి చూసిందా? కవర్ ఆలస్యమైతే ఎంత గట్టి కార్నర్‌నైనా రైడర్ మధ్యగీతదాకా ఈడ్చుకుపోతుంది.

తరవాత ముగ్గురినే లోపలుంచి ఆడించు. ముగ్గురో అంతకన్నా తక్కువో ఉండగా పట్టు పడితే ఒక పాయింటు ఎక్కువ వస్తుంది. అక్కడ బెదరని పిల్లని వదులుకోకు. రైడర్లని మాత్రం పాయింటు రాని రెండు ఖాళీ కూతల తరవాత వచ్చే మూడో కూతకి పంపు, ఈసారీ పాయింటు తేకపోతే అవుటే, 30 సెకన్లలో తేల్చుకోవాలి కదా, అసలు దమ్ము అక్కడ తెలుస్తుంది. పన్నెండుమందిలో నలుగురు రైడర్లు, ముగ్గురు కార్నర్లు, ముగ్గురు కవర్లు, రెండూ చేయగల ఇద్దరు ఉంటే సరిపోతుంది.

గుమ్మా వైపు నుంచి వచ్చే సవర గిరిజన పిల్లలు కొత్తచోట నోరు విప్పరు. మాట్లాడట్లేదని మార్కులు తగ్గించావో, నేనూరుకోను! తెలుగు, ఒడియా, సవర పిల్లలు చేతులు పట్టుకుని ఒకే చైన్‌లో నిలబడతారు, అందరికీ తెలిసిన ఒకే కేక ముందే ఖాయం చెయ్యి. ఒడియాలో పట్టుకో అని చెప్పే "ధర" అనుకున్నా చాలు.

నన్ను నిద్రపోనివ్వనివి రెండున్నాయి తల్లీ. ఒకటి మోకాలు. చిన్న అరుగుమీంచి దూకించి చూడు. కాళ్ళు ఆనగానే మోకాళ్ళు లోపలికి వాలితే ఆ పిల్లకి ముందు తుంటి, తొడల బలం పెంచే కసరత్తు కావాలి. ఎప్పుడైనా టక్కుమని శబ్దమై వాచిందని చెబితే డాక్టరు చూసేదాకా ఆడించకు, ఎంత బతిమాలినా సరే. రెండోది బరువు. పోటీకి పెట్టిన బరువు హద్దులో పడాలని అన్నం, నీళ్ళు మానేసి వచ్చే పిల్లలుంటారు. కాళ్ళు పట్టేసి, కళ్ళు తిరిగి పడిపోతారు. ముందే ఒకసారి తూకం వెయ్యి, కిలోలకి కిలోలు తగ్గాల్సిన పిల్లని తీసుకోకు. చెప్పేటప్పుడు పదిమందిలో బరువు మాట ఎత్తకు, పక్కకి పిలిచి చెప్పు.

ఎంపిక కాని పిల్లలకి ఆ సాయంత్రమే కారణం చెప్పి పంపు. మరుసటేడు ఏం నేర్చుకుని రావాలో కూడా చెప్పు. ఎంపికైనవాళ్ళ స్కూలు సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ పక్కపక్కన పెట్టి చూడు. ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో ఇంకోలా ఉంటే పోటీ దగ్గర ఆపేస్తారు. సరిచేయించడానికి రోజులు పడతాయి, ఈ వారమే మొదలుపెట్టు.