కొత్తవాడ అవ్వ, నేను రాసిన ప్రెస్‌నోట్

కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "జర్నలిజం పీజీ అయిపోవచ్చింది. హైదరాబాద్‌లో పెద్ద పీఆర్ (ప్రజా సంబంధాల) ఏజెన్సీలో ఒకటి, హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఒకటి, రెండు ఇంటర్న్‌షిప్‌లు చేతిలో ఉన్నాయి. ఎక్కడైతే ఎక్కువ నేర్చుకోవచ్చు? చేసినవాళ్లు చెప్పండి."

హనుమకొండకే పో తమ్మీ. రెండో మాట లేదు. హైదరాబాద్‌లో చేసిన నా క్లాస్‌మేట్లు ఇద్దరూ మూడు నెలలు ఏసీ గదిలో కూర్చొని, ఏ పేపర్లో ఏ క్లయింట్ పేరు వచ్చిందో ఎక్సెల్‌లో ఎక్కించి వచ్చారు. మనం ఎవరి గురించి రాశామో ఆ మనిషి మొహం వాళ్లు ఒక్కసారి కూడా చూడలేదు. మన ఊళ్లో అట్లా కుదరదు. రాసిన మర్నాడే ఆ మనిషి కూరగాయల మార్కెట్లో ఎదురుపడతాడు. ఈ పనికి అంతకన్నా పెద్ద బడి లేదని నా గట్టి నమ్మకం.

నేను 2019 వేసవిలో హనుమకొండ పక్కనే వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడు నెలలు చేశాను. పీఆర్ విభాగం అంటే మా సార్, నేను, మూలన ఒక ప్రింటర్. జీతం లేదు, పెట్రోల్ ఖర్చు మనదే, చివర్లో ఒక సర్టిఫికెట్. (దీని గురించి వేరే రాయాలి. మూడు నెలలు పొద్దంతా పని చేయించుకొని బస్ పాస్ డబ్బులు కూడా ఇవ్వకపోవడం అన్యాయం. పేదింటి పిల్లలు ఈ రంగంలోకి రాలేకపోవడానికి సగం కారణం ఇదే.)

మొదటి వారంలో నేర్చుకున్నవి చిన్నవే. ప్రెస్‌నోట్‌ను డీటీపీ వాళ్లు వాడే "అను" అనే ఫాంట్‌లో టైప్ చేసి పంపితే విలేకరి ఫోన్లో చిత్తు గీతలు కనిపిస్తాయి, ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే పంపాలి. సాయంత్రం నాలుగు దాటితే జిల్లా పేజీలో చోటు కష్టం. ఫొటోలో డాక్టర్ల వరస కాదు, పేషెంట్ మొహం ఉండాలి. ఈ మూడోదే నా కొంప ముంచింది.

మే నెల. పరిషత్ ఎన్నికలు నడుస్తున్నాయి, జిల్లా పేజీలన్నీ నామినేషన్లు, ప్రచారాలు, పోలింగ్ వార్తలే. అలాంటి రోజుల్లో కొత్తవాడలో మా ఆసుపత్రి ఉచిత కంటి శిబిరం పెట్టింది. కొత్తవాడ తెలియనివాళ్లకు చెబుతున్నా, వరంగల్ జంపఖానాలు నేసేది అక్కడే. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. శిబిరానికి వచ్చినవాళ్లలో ఒక అవ్వ ఉంది. ప్రభుత్వం ఉచితంగా కంటి పరీక్షలు చేసిన కంటి వెలుగు పథకంలో ఇచ్చిన అద్దాలు పెట్టుకుంది, ఒక పుల్ల విరిగితే నూలు దారంతో బిగించి కట్టుకుంది. డాక్టర్ టార్చి వేసినప్పుడు ఒక కన్ను అరచేత్తో మూసుకొని తల పైకెత్తింది. ఆ క్షణంలో ఫొటో తీశాను. కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయాలి అని డాక్టర్ చీటీ రాశారు. నేను ఆమె పేరు అడిగి రాసుకున్నాను. ఫొటో పేపర్లో వేస్తామని మాత్రం చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

ఆఫీసుకు వచ్చి రాసిన మొదటి వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "కంటిచూపు మందగించి అవస్థ పడుతున్న ఓ నిరుపేద వృద్ధురాలికి ఆసుపత్రి యాజమాన్యం అండగా నిలిచింది." సార్ చదివి "మంచిగ రాసినవ్" అన్నారు. మర్నాడు ఫొటోతో సహా మూడు కాలమ్‌ల వార్త. ఎన్నికల వేడిలో మూడు కాలమ్‌లు! నేను ఆ పేపర్ నాలుగు కాపీలు కొన్నాను.

మూడో రోజు పొద్దున ఆసుపత్రి ల్యాండ్‌లైన్‌కు సూరత్ నుంచి అవ్వ కొడుకు ఫోన్. వరంగల్‌లోని ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడ్డ కాలం నుంచీ మన దగ్గరి నేతకారులు సూరత్‌కు, భివండీకి పోవడం అందరికీ తెలిసిందే. ఈ కొడుకు కూడా అక్కడ మరమగ్గాల మీద పని చేస్తున్నాడు. వాడకట్టు వాట్సాప్ గ్రూపులో పేపర్ క్లిప్పింగ్ చూశాడు.

"మా అవ్వ నిరుపేదనా? ఎవరు రాసిన్రు గట్ల? నెలనెలా నేను పైసలు పంపుతలేనా? నా బిడ్డకు సంబంధం చూస్తున్నం. రేపు వియ్యంకుల ముంగట నేను మొహం ఎట్ల పెట్టుకోవాలె?"

అరవలేదు. గొంతు వణుకుతోంది. అరిస్తే నాకు అంత భయం వేసేది కాదేమో. నేను రాశానని చెప్పలేక "సార్‌తో మాట్లాడిస్తా" అని పెట్టేశాను. సార్ ఏమన్నారంటే, "రెండ్రోజులు ఆ ఫోన్ ఎత్తకు. వాళ్లే మర్చిపోతరు."

మా పీఆర్ పుస్తకం మొదట్లోనే, ఈ రంగానికి ఆద్యుల్లో ఒకడైన ఐవీ లీ కథ ఉంటుంది. 1906లో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోతే, రైల్వే కంపెనీ తరఫున పనిచేసే ఆయన విషయం దాచకుండా తానే ప్రకటన రాసి ఇచ్చి, విలేకరులను ప్రమాద స్థలానికి తీసుకెళ్లే ఏర్పాటు చేశాడని. పరీక్షలో దాని మీద రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. నా పొరపాటు ఒక్క మాటంత, అయినా ఫోన్ ఎత్తడానికి చేతులు రాలేదు. రాత్రంతా టెన్షన్. పొద్దున్నే సార్‌కు చెప్పకుండా స్కూటీ తీసుకొని కొత్తవాడ పోయాను.

అవ్వ గడప లోపల కూర్చొని రాట్నం మీద కండెలు (నేతకు వాడే నూలు చుట్టలు) చుడుతోంది. నన్ను గుర్తు పట్టలేదు. చెప్పాక "ఓ, ఫొటో దీసిన బిడ్డవా, రా" అని పీట వేసింది. తనకు చదువు రాదు, పేపర్లో వచ్చింది పక్కింటి పిల్లగాడు చదివి వినిపించాడట.

"నిరుపేద అంటే ఏంది బిడ్డా?"

"ఏమీ లేనోళ్లు అవ్వా."

ఆమె ఏమీ అనలేదు. రాట్నం ఆపి, పక్కనున్న గంపను నా వైపు జరిపింది. నిండా చుట్టిన కండెలు, ఎరుపు, నలుపు, పసుపు. "పొద్దుగాల్నుంచి గివన్ని చుట్టిన. కన్ను మసకుంటే చేతితోని తడుముకుంట చుట్టిన. నేను ఎవ్వలి దగ్గరన్న చెయ్యి చాపిన్నా?"

తప్పయిందని చెప్పాను. ఏడుపు వచ్చింది. ఆమె చాయ్ పెట్టింది. అక్కడి నుంచే కొడుక్కు ఫోన్ చేసి, రాసింది నేనేనని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదాయన. తర్వాత "అమ్మా, నువ్వు మా అవ్వను ఒక్క మాట అడిగి రాయాల్సుండె" అన్నాడు. అంతే.

ఆ ఒక్క మాటా మా సిలబస్‌లో ఎక్కడా లేదు. ప్రెస్‌నోట్ క్లయింట్ కోసం రాస్తాం, ఎడిటర్‌కు నచ్చేటట్టు రాస్తాం. అందులో ఉన్న మనిషి దాన్ని చదువుతుందని, ఆమె వియ్యంకులు చదువుతారని మనకు తట్టదు. "నిరుపేద", "అభాగ్యులు", "దిక్కులేని", ఈ మాటలు మనకు వేళ్ల చివర్న ఉంటాయి, చూడకుండానే పడిపోతాయి. యాజమాన్యం పెద్దగా కనబడాలంటే పేషెంట్‌ను చిన్నగా చేయాలని మనకు ఎవరో నేర్పారు. ఆ రోజు నుంచి నేను ఆ మాటలు రాయలేదు.

"తదితరులు పాల్గొన్నారు" అన్న వాక్యం మీద కూడా నాకు కోపమే. ముందు పదకొండు మంది అతిథుల పేర్లు ఉంటాయి. ఎండలో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని శిబిరానికి తెచ్చిన ఆశా కార్యకర్తలు మాత్రం ఆ "తదితరులు"లో కలిసిపోతారు. ఒకసారి వాళ్ల పేర్లు ముందు రాసి పంపితే సార్ కొట్టేశారు.

ఇంకోటి, వార్త విలువను స్కేలుతో కొలవడం. క్లిప్పింగ్ ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు ఉందో కొలిచి, యాడ్ రేటుతో గుణించి, "ఇంత విలువైన ప్రచారం తెచ్చాం" అని నెలాఖరు రిపోర్టులో పెడతారు. ఈ లెక్క పీఆర్ విలువను చెప్పదని 2010లోనే బార్సిలోనాలో ఆ రంగం వాళ్లే కూర్చొని తీర్మానించారు. మా రిపోర్టులో ఆ నెల అన్నింటికన్నా ఎక్కువ విలువ కట్టింది అవ్వ వార్తకే.

విలేకరుల గురించి కూడా చెప్పాలి. మండలాల్లో జీతం లేకుండా పనిచేసే స్ట్రింగర్లకు లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి, వచ్చేది ఏమీ ఉండదు, పైగా యాడ్స్ టార్గెట్లు. వాళ్లను చులకనగా చూసే పీఆర్ వాళ్లంటే నాకు గిట్టదు. ఆ వార్త వేసిన అన్న దగ్గరికి పోయి జరిగింది చెబితే, "నేను కూడ అడగకుండనే ఏసిన చెల్లె, నాది కూడ తప్పే" అన్నాడు. సవరణ వేయిస్తానన్నాడు. మా యాజమాన్యమే వద్దంది, శిబిరం పేరు పాడవుతుందని.

సవరణ రాలేదు. కానీ ఆసుపత్రి గేటు దగ్గర అదే ఫొటోతో, అదే వాక్యంతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాన్ని తీయించడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. సార్‌ను అడిగాను, మేనేజర్‌ను అడిగాను, చివరికి కంటి డాక్టర్ మేడమ్‌కు మొత్తం చెబితే ఆమె ఒక్క ఫోన్ చేసి తీయించారు. వాచ్‌మన్ అన్న దాన్ని మడిచి లోపలికి తెస్తుంటే, మధ్యలో మడత పడి అవ్వ అరచెయ్యి ఒక్కటే పైకి కనిపించింది.

జూన్‌లో సూరత్ నుంచి కొడుకు వచ్చి, ఆపరేషన్ కోసం అవ్వను మా ఆసుపత్రికే తీసుకొచ్చాడు. వేరేచోటికి పోతారనుకున్నాను. లోపలికి వస్తూ గేటు వైపు ఒకసారి చూశాడు. అక్కడ ఫ్లెక్సీ కట్టిన తాళ్లు మాత్రం వేలాడుతున్నాయి. రిజిస్ట్రేషన్ కౌంటర్లో పేరు అడిగితే అవ్వే ముందుకు వచ్చి ఇంటిపేరుతో సహా చెప్పింది. కంప్యూటర్లో ఒక అక్షరం తప్పు పడింది. నేను పక్కనే నిలబడి దిద్దించాను.