స్ట్రింగ్ కొలత నీ చేతిలో పెట్టుకో, అల్లుడూ

కావలి

చిరంజీవి అల్లుడికి మేనత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రోగ్రాం రాత్రి కూర్చుని మొత్తం చదివాను. వడ్ల రసీదు మీద రైతు పేరు తెలుగులోనే పడాలని పట్టుబట్టావే, దానికి నాకెంత సంతోషమైందో. కానీ అందులో పదకొండు చోట్ల స్టర్‌కాపీ (strcpy, స్ట్రింగును ఇంకోచోటికి నకలు చేసే ఫంక్షన్) కనబడింది. దాని సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

సీ భాషలో స్ట్రింగుకు, అంటే అక్షరాల వరుసకు, తన పొడవు తనకే తెలీదు. సున్నా బైటు వచ్చేదాకా ఉన్నదంతా స్ట్రింగే. స్టర్‌కాపీ ఆ సున్నా కోసం చూస్తుందే గానీ, నువ్వు పట్టిన బఫరు, అంటే మెమరీలో చోటు, ఎంతదో అడగదు. నిండినా పోస్తూనే ఉంటుంది. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాం తనంతట తానే పాకి వేల యంత్రాల్లో దూరింది గదా, అది పట్టుకున్న దారుల్లో ఒకటి ఇట్టాంటిదే: యూజర్ల వివరాలు చెప్పే ఫింగర్ సర్వరులో 512 బైట్ల బఫరు, అందులోకి కొలత చూడకుండా చదివే గెట్స్ ఫంక్షన్. ఆ గెట్స్‌ను 2011 ప్రమాణంలో సీ నుంచే తీసేశారు.

ఎన్ని బైట్లు మించకూడదో చెప్పించుకునే స్టర్‌ఎన్‌కాపీ (strncpy) వాడతాలే అత్తా అంటావేమో. నేనూ అట్టే అనుకున్నా. ఒక మిల్లుకు రసీదుల ప్రోగ్రాం రాశాను, అప్పట్లో ఇంగ్లీషు అక్షరాలే. పేరుకు 20 బైట్లు, వెంటనే ఊరికి 20. ఒక రైతు పేరు సరిగ్గా 20 అక్షరాలొచ్చింది. చోటు నిండిపోతే స్టర్‌ఎన్‌కాపీ చివర సున్నా పెట్టదు. ప్రింటరు ఆగకుండా పేరుకు ఊరు అతికించి కొట్టేసింది. ఈ పేరు నీది కాదంటూ ఆ పెద్దాయనకు డబ్బివ్వకుండా రెండు రోజులు తిప్పారు. ఎండలో నిలబడ్డ ఆ మనిషి నాకింకా గుర్తే. తప్పు నాది.

అందుకే ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ (snprintf) వాడు, బఫరు సైజు ఇవ్వు. సైజు సున్నా కానంత వరకు చివరి సున్నా అదే పెడుతుంది. అది తిరిగిచ్చే అంకెను మాత్రం పారేయొద్దు. చోటుంటే ఎన్ని బైట్లు రాసేదో ఆ అంకె చెబుతుంది. అది సైజుకు సమానమైనా, మించినా పేరు తెగిందన్నమాట. రుణాంకమైతే అసలు పనే జరగలేదు. పేరును ఫార్మాట్ స్థానంలో, అంటే ఏ రూపంలో రాయాలో చెప్పే చోట, నేరుగా పెట్టొద్దు, శాతం ఎస్ (%s) ద్వారానే పంపు. ఇంకోటి, ఫంక్షన్‌కు పంపిన బఫరు సైజును దాని లోపల సైజ్ఆఫ్‌తో అడిగితే 64 బిట్ల యంత్రంలో నీకొచ్చేది పాయింటరు (బఫరు చిరునామా) సైజు 8, బఫరుది కాదు. కాబట్టి పాయింటరు వెళ్లిన ప్రతిచోటికీ సైజును కూడా పంపు.

ఇక తెలుగు. మన జిల్లాలో వడ్ల పుట్టి అంటే 850 కిలోలు, ఇంకోచోట అదే మాటకు తూకం వేరు. అక్షరానికీ బైటుకూ ఉన్న లెక్క కూడా అంతే. కావలి, నెల్లూరు రెండూ కంటికి మూడక్షరాలే. అక్షరాలను బైట్లుగా రాసే యుటిఎఫ్-8 పద్ధతిలో మాత్రం కావలికి 15 బైట్లు, నెల్లూరుకు 24. గుడి, పొల్లు ఒక్కోటీ మూడేసి బైట్లు, ఒత్తయితే ఆరు తింటాయి మరి. పొడవు కొలిచే స్టర్‌లెన్ చెప్పేది బైట్లే, అందులో చివరి సున్నా లెక్కలోకి రాదు. నెల్లూరుకు చోటు పట్టేటప్పుడు 25 అడగాలి.

కోయాల్సొస్తే, కోసే చోట మొదలయ్యే బైటు చూడు. దాని తొలి రెండు బిట్లు 1, 0 అయితే అది అక్షరం మధ్య, వెనక్కి జరుగు. అట్ట చూసుకుని 12 బైట్ల దగ్గర కోసినా 'నెల్' అని పడుతుంది. బైట్లు సక్రమమే, ఊరు కాదు. అందుకని మనిషి పేరును కోయనే వద్దంటాను. పట్టకపోతే రసీదు ఆపి, గుమాస్తాకు చెప్పించు.

నీ కోడులో ఖాళీలు తీసేసే చోట ఖాళీయా కాదా చూసే ఇజ్‌స్పేస్‌కు అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చావు. మామూలు పీసీల్లో చార్‌కు (ఒక బైటు రకానికి) ధన, రుణ గుర్తు ఉంటుంది, తెలుగు బైట్లన్నీ రుణాంకాలైపోతాయి, ఇజ్‌స్పేస్‌కు అవి పనికిరావు. అన్‌సైన్డ్ చార్‌గా మార్చి ఇవ్వు. ఇంగ్లీషు పేర్లతోనే పరీక్షించేవాళ్లకు ఈ తప్పు ఎన్నేళ్లయినా దొరకదు.

కంపైల్ చేసేటప్పుడు మెమరీ హద్దు దాటితే పట్టిచ్చే అడ్రస్ శానిటైజరు పెట్టుకో. 'నెల్లూరు'ను ముందు 25 బైట్ల బఫరులో, తర్వాత 24 బైట్ల దాంట్లో పెట్టి నడుపు. రెండోసారి నీ ప్రోగ్రాం ఏమందో ఆదివారం ఫోన్లో చెప్పు.

మీ మేనత్త